ఇంటిస్థలపు కొలతలో న్యాయము

ఒక ఊరిలో ఎవరు కాపురముండవచ్చునో, ఎవరు ఉండరాదో శాసించుటకు చట్టములో ఏ జాతి పేరును ఎత్తవలసిన పనిలేదు. ఇంటిస్థలము ఇన్ని గజములకు తక్కువ ఉండరాదని ఒక నిబంధన వ్రాసిన చాలును. ఒక స్థలములో ఒక్క కుటుంబమే ఉండవలెనని దాని క్రింద మరియొక పంక్తి చేర్చిన మరింత చాలును. అంత స్థలము కొనలేనివారు తమంత తామే ఊరు విడిచిపోవుదురు. పొమ్మని నోటితో అనవలసిన అవసరము ఎవరికిని కలుగదు. మేము ఇప్పుడు చెప్పబోవు ఊరిలో మాత్రము ఆ మాటను నోటితో కూడ అన్నారు. అందువలననే ఆ కథ లోకమునకు తెలిసినది.

ఆ ఊరు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో ఉన్నది. న్యూజెర్సీ నేడు తెలుగువారికి కొత్త పేరు కాదు. ఎడిసన్ మొదలగు పట్టణములలో మన పిల్లలు ఎందరో కాపురములు పెట్టినందున, అక్కడి ఇండ్ల ధరలు, ఇంటిపన్నులు, బడుల మంచిచెడ్డలు మన ఇండ్ల మాటలలోను దొర్లుచుండును. ఏ ఊరిలో ఇల్లు కొన్నచో పిల్లలకు మంచి బడి దొరకును అను ప్రశ్నను టెలిఫోనులో వినని తల్లిదండ్రులు తక్కువగా ఉందురు. బడికిని ఊరికిని అంత ముడి ఎందుకు పడినదో తెలిసికొన్నచో, జాతి న్యాయమునకును ధన న్యాయమునకును ఊరి పాలకసంఘపు కాగితములతో ఎంత సంబంధమున్నదో తేటపడును.

అమెరికాలో భూమిని ఏ పనికి వాడవలెనో నిర్ణయించు అధికారము రాష్ట్రములది. రాష్ట్రములు దానిని ఊళ్లకు అప్పగించినవి. న్యూజెర్సీ చిన్న రాష్ట్రమే అయినను అందులో 560కి పైగా పురపాలక సంఘములు కలవు. ఒక్కొక్క సంఘము తన పొలిమేరలోని భూమిని భాగములుగా విభజించి, ఇచ్చట ఇండ్లు, అచ్చట అంగళ్లు, మరియొకచోట కర్మాగారములు అని నిర్ణయించును. దీనినే జోనింగు అందురు. మరియొకవైపు బడుల ఖర్చులో పెద్ద భాగము ఆ ఊరి ఇంటిపన్ను నుండియే రావలెను. ఈ రెండింటిని కలిపి చూచినచో ఊరి పెద్దలు వేసికొను లెక్క అర్థమగును. పెద్ద స్థలములో పెద్ద ఇల్లు లేచినచో పన్ను ఎక్కువ వచ్చును. చిన్న ఇండ్లు, అద్దె వాటాలు వచ్చినచో పన్ను తక్కువ, బడికి వచ్చు పిల్లలు ఎక్కువ. ఈ లెక్కలో పిల్లవాడు ఒక ఖర్చు పద్దుగా మారినాడు. ఊరి పెద్దలు చెడ్డవారు కాకపోయినను ఈ లెక్క వారిని ఒకే దారిలో నడిపించును. ఇది వారి పక్షమున చెప్పదగిన మాటయే గనుక ముందుగానే చెప్పుచున్నాము.

అయితే ఈ లెక్క పుట్టకముందే మరియొక లెక్క నడిచినది. నల్లజాతివారు ఫలానా వీధిలో ఇల్లు కొనరాదని లూయివిల్ నగరము బాహాటముగా శాసనము చేయగా, దేశపు సుప్రీం కోర్టు 1917లో దానిని కొట్టివేసినది. 1926లో అదే కోర్టు, జాతి మాట లేకుండ భూమి వాడుకను బట్టి భాగములు చేయుట చెల్లునని తీర్పు చెప్పినది. జాతి పేరుతో మూసిన ద్వారమును వేరొక పేరుతో మూయుటకు అప్పటినుండి వీలు కలిగినది. ఇండ్ల విక్రయపత్రములలో, ఈ ఇంటిని నల్లవారికి అమ్మరాదని షరతులు వ్రాయుట ఆ కాలమున సామాన్యముగా ఉండెడిది; అట్టి షరతులను కోర్టులు అమలుపరచరాదని 1948లో గాని తేలలేదు. 1930వ దశకములో కేంద్రప్రభుత్వ సంస్థలే నగరముల పటములు గీయించి, నల్లవారు నివసించు పేటలను ఎర్రరంగుతో గుర్తించినవి. ఇంటి అప్పులకు ప్రభుత్వమిచ్చు హామీ నల్లవారి పేటలకు దాదాపు అందనేలేదు. ఒక తరము తెల్లవారు అప్పుతో ఇల్లు కొని, ఆ ఇల్లు విలువ పెరుగగా పిల్లలకు ఆస్తి ఇచ్చిరి. అదే తరము నల్లవారు అద్దె చెల్లించుచునే ఉండిరి. ఈనాడు రెండు జాతుల ఆస్తులకు మధ్య కనిపించు అగాధములో పెద్ద పాలు అక్కడ త్రవ్వబడినదే.

కావున 1968లో కేంద్రప్రభుత్వము ఇండ్ల అమ్మకములలో జాతి వివక్షను నిషేధించు చట్టము చేయునాటికి, ధర ఒక్కటే చాలినంత గోడగా నిలిచినది. చట్టము ద్వారము తెరిచినది గాని, గడప ఎత్తు తగ్గలేదు.

ఇక మా కథలోని ఊరు మౌంట్ లారెల్. డెలావేరు నదికి ఆవల ఫిలడెల్ఫియా మహానగరము, ఈవల కామ్డెన్ నగరము ఉన్నవి. కామ్డెన్ సరిహద్దునుండి మౌంట్ లారెల్ ఏడు మైళ్లు. విస్తీర్ణము 22 చదరపు మైళ్లు. 1950లో అక్కడి జనాభా 2,817. అప్పుడది పొలముల ఊరు. 1960 నాటికి 5,249, 1970 నాటికి 11,221. పదేండ్లకొకమారు జనము రెట్టింపగుచు వచ్చినదన్నమాట. నగరములో పనిచేసి, సాయంకాలమునకు పచ్చిక బయలు గల ఇంటికి కారులో చేరువారు ఈ కొత్త జనము. కాని వీరు రాకముందు ఎంతో కాలమునుండి ఆ ఊరిలో నల్లజాతి కుటుంబములు ఉన్నవి. బానిసత్వపు రోజులనాటికే వారి పూర్వులు ఆ నేలపై స్థిరపడిరి. పొలములలో కూలిచేసి బ్రతికిన ఆ కుటుంబములలో ఆరవ తరమునకు చెందిన స్త్రీ ఎథెల్ లారెన్స్. చిన్నపిల్లల బడిలో పనిచేయుచుండెడిది.

పొలములు పోయి ఇండ్ల వరుసలు వచ్చుచున్నకొలది, ఆ పాత కుటుంబములకు నిలువ నీడ కరువైనది. కొందరు కోళ్ల షెడ్డులను మార్చి కట్టిన గదులలో కాపురముండిరి. అట్టివి మనుష్యుల నివాసమునకు తగవని పాలకసంఘము వానిని ఒక్కొక్కటిగా మూయింపసాగినది. తగవనుట నిజమే. కాని మూసిన ఇంటికి బదులు వేరొక ఇల్లు ఎక్కడ అను ప్రశ్నకు సంఘము సమాధానము చెప్పలేదు. అంతట స్ప్రింగ్‌విల్ అను పేటలోని నల్లజాతివారు ఒక సమితిగా ఏర్పడి, తక్కువ అద్దెతో 36 వాటాల గృహసముదాయమును కట్టుకొనుటకు పూనుకొన్నారు. వారికి కావలసినది ఊరిలో దానమో ధర్మమో కాదు. ఆ స్థలములో అద్దె వాటాలు కట్టవచ్చునని ఒక అనుమతి.

అనుమతి రాలేదు. 1970 అక్టోబరులో ఒక ఆదివారమునాడు, నల్లజాతివారి చిన్న చర్చిలో జరిగిన సభకు ఊరి మేయరు వచ్చి ప్రతిపాదన చెల్లదని తెలిపినాడు. ఈ ఊరిలో ఉండు స్తోమత మీకు లేకపోయినచో మీరు వెళ్లిపోవలసినదే అను భావము గల మాట ఆయన నోటివెంట వచ్చినది. వినుచున్నవారిలో ఎథెల్ లారెన్స్ ఉన్నది. ఆ మాట అన్నవాని కంటె ఆమె వంశము ఆ ఊరికి పాతది. మన పల్లెలలో ఊరికిని వాడకును మధ్య ఉండు దూరము ఎరిగినవారికి ఆ చర్చిలోని నిశ్శబ్దము ఎట్టిదో వివరింపనక్కరలేదు.

1971లో వ్యాజ్యము దాఖలైనది. దక్షిణ బర్లింగ్‌టన్ జిల్లాలోని నల్లజాతి హక్కుల సంఘము, ఎథెల్ లారెన్స్, మరికొందరు స్త్రీలు వాదులు. పేదలకు ఉచితముగా న్యాయసహాయము చేయు సంస్థలోని ముగ్గురు యువ న్యాయవాదులు పీటర్ ఓకానర్, కార్ల్ బిస్‌గేయర్, కెనెత్ మీజర్ వారి తరఫున నిలిచినారు.

ఊరి జోనింగు పత్రమును కోర్టులో విప్పి చూచినపుడు కనబడిన వింతలను కొంచెము నిదానముగా చెప్పవలసి ఉన్నది. విషయమంతయు అందులోనే కలదు. అతి చిన్న స్థలములకు అనుమతి గల భాగములో సైతము ఇంటిస్థలము 9,375 చదరపుటడుగులకు, అనగా సుమారు 1,040 గజములకు తగ్గరాదు. మరియొక భాగములో 20,000 చదరపుటడుగులు. మన లెక్కలో 2,200 గజముల పైచిలుకు. మొదట చెప్పిన భాగములో ఇల్లు 1,100 చదరపుటడుగులకు తక్కువ ఉండరాదు. మన పట్టణములలో 200 గజములపై ఇల్లు కట్టుకొన్నవానిని కలిగినవాడుగనే లెక్కింతుము గదా! అద్దె వాటాల భవనములకు సాధారణ నిబంధనల క్రింద ఊరిలో ఎక్కడను చోటులేదు.

భూమి కరువై ఇట్లు చేసిరా అనుకొందమన్నచో, ఊరి భూమిలో నూటికి 29 వంతులకు పైగా, 4,121 ఎకరములు, కర్మాగారములకని కేటాయించి ఉంచినారు. అందులో నిజముగా కర్మాగారములున్నది సుమారు నూరు ఎకరములు. మిగిలినది ఖాళీ. కర్మాగారము పన్ను ఇచ్చును, బడికి పిల్లలను పంపదు. కనుక అది ఎప్పటికైనను రాకపోవునా అని భూమి వేచియున్నది, కోళ్ల షెడ్డులోని కుటుంబము కూడ వేచియున్నది.

పెద్ద సంస్థలు ప్రణాళిక ప్రకారము కట్టు కొన్ని గృహసముదాయములకు మాత్రము ప్రత్యేకముగా అనుమతి ఇచ్చినారు. దానికి పెట్టిన షరతులు మరింత విచిత్రములు. వాటాలలో చాలభాగము ఒక్క పడకగది గలవై ఉండవలెను. ఒక్క పడకగది వాటాలో బడి ఈడు పిల్లలు ఉండరాదు. రెండు పడకగదుల వాటాలో అట్టి పిల్లలు ఇద్దరికి మించరాదు. ఒక ఒప్పందములో, నూరు వాటాలకు బడిపిల్లలు ముప్పదికి మించినచో అదనపు చదువు ఖర్చును కట్టడపు సంస్థయే భరింపవలెనని వ్రాసినారు. ఒక ఊరు తనలో పుట్టబోవు పిల్లలను లెక్కించి ముందుగానే అపరాధము విధించుట మేము వేరెక్కడను చదువలేదు.

ఈ పత్రములో ఎక్కడను నలుపు తెలుపుల మాట లేదని ఊరి న్యాయవాదులు చెప్పుటకు వీలున్నది. అది నిజమే. అందుచేతనే 1975 మార్చి 24న న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. న్యాయమూర్తి ఫ్రెడరిక్ హాల్ వ్రాసిన ఆ తీర్పు, ఊరి పెద్దల మనసులో ఏమున్నదని అడుగలేదు. పత్రము వలన ఏమి జరుగుచున్నదని అడిగినది. ఊళ్లకు జోనింగు అధికారము రాష్ట్రమిచ్చినది. రాష్ట్రపు అధికారము రాష్ట్ర ప్రజలందరి క్షేమము కొరకు. కనుక ఒక ఊరు తన పొలిమేరలోపలి వారి క్షేమమునే చూచుకొని బయటివారిని, బీదవారిని తోసివేయరాదు. పెరుగుచున్న ప్రతి ఊరును, తన ప్రాంతమునకు కావలసిన చౌక ఇండ్లలో న్యాయమైన వాటాకు చోటీయవలెను. తీర్పునకు ఆధారము రాష్ట్ర రాజ్యాంగము. ఇది ఎంత లాభమైనదో రెండేండ్లలో తెలిసినది. ఇల్లినాయి రాష్ట్రములోని ఆర్లింగ్‌టన్ హైట్స్ అను ఊరి విషయములో, ఫలితము ఒకటే చాలదు, జాతివివక్ష చేయవలెనను ఉద్దేశమును కూడ నిరూపింపవలెనని దేశపు సుప్రీం కోర్టు 1977లో నిర్ణయించినది. ఢిల్లీలో మూసికొన్న తలుపు ఒక్కొక్కప్పుడు రాష్ట్ర రాజధానిలో తెరచియుండును అన్నట్లు, వాషింగ్టనులో దొరకని న్యాయము ట్రెంటనులో దొరికినది.

దొరికినదనుట తొందరపాటు. తీర్పు వచ్చినంత మాత్రమున ఇల్లు లేవదు. మౌంట్ లారెల్ పాలకసంఘము కోర్టు ఆజ్ఞను పాటించినామని చెప్పుకొనుటకు, చౌక ఇండ్ల కొరకని మూడు ముక్కలుగా ఇరువది ఎకరములు కేటాయించినది. 14,000 ఎకరముల ఊరిలో ఇరువది! నూటికి పావువంతు కూడ కాదు. ఆ నేలయైనను ఇండ్లకు అనువైనది కాదు. ఎనిమిదేండ్లు గడచినను అక్కడ చౌక ఇల్లు ఒక్కటి లేవలేదు. రాష్ట్రములోని ఇతర ఊళ్లును అదే త్రోవ త్రొక్కినవి.

1983 జనవరిలో అదే కోర్టు రెండవ తీర్పు చెప్పినది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ విలెంట్జ్ ఈసారి ఉపదేశముతో ఊరకుండలేదు. వాటా ఎంతో అంకెలలో చెప్పవలెనన్నారు. ఈ వ్యాజ్యములను వినుటకే ముగ్గురు న్యాయాధిపతులను నియమించినారు. అన్నిటికంటె పదునైన ఉపాయము మరియొకటి. నూరు ఇండ్లలో ఇరువది చౌకగా ఇచ్చెదనని ఒప్పుకొన్న కట్టడపుదారుడు, ఊరు తన బాధ్యత నెరవేర్చకపోయినచో, కోర్టుకెక్కి దట్టముగా ఇండ్లు కట్టుటకు అనుమతి పొందవచ్చును. ఎనుబది ఇండ్ల లాభములో ఇరువది ఇండ్ల నష్టము కలిసిపోవును. ప్రభుత్వ బొక్కసము విప్పనక్కరలేదు. బీదవాని కొరకు పోరాడు సంఘమునకు డబ్బు లేకపోవచ్చును. కట్టడపుదారునికి డబ్బును, ఆశయు రెండును ఉండును. ధర్మము నడవనిచోట కోర్టు లాభాపేక్షను బండికి కట్టినది. ఇది అందరికిని రుచింపలేదు. కాని బండి కదలినది.

కదలగానే ఊళ్లు గగ్గోలు పెట్టినవి. 1985లో రాష్ట్ర శాసనసభ ఒక గృహన్యాయ చట్టము చేసి, కోర్టుల చేతినుండి పనిని ఒక మండలికి బదలాయించినది. ఆ చట్టమునందే ఒక కంత కలదు. ఏ ఊరైనను తన వాటాలో సగమువరకు మరియొక ఊరికి డబ్బిచ్చి అప్పగింపవచ్చును. ధనికుల ఊరు డబ్బు చెల్లించును. అప్పటికే బీదలతో నిండిన నగరము ఆ డబ్బుతో ఇండ్లు బాగుచేసికొనును. నగరమునకు డబ్బు అక్కరయే గనుక పుచ్చుకొన్నదని నిందింపలేము. కాని బీదలు ఉన్నచోటనే ఉండిరి, బడులు ఉన్నట్లే ఉండినవి. ఈ కంత పూడుటకు 2008 వరకు పట్టినది. జాతి పేరెత్తకుండ ధనము మాటతోనే పనిచేసిన ఈ తీర్పుల బలహీనత కూడ ఇచ్చటనే ఉన్నది. శివారు ఊళ్లలో లేచిన చౌక ఇండ్లలో చాలవానిని వృద్ధులకు కేటాయించిరి. నగరములనుండి శివారులకు మారగలిగిన నల్లజాతి కుటుంబములు ఆశించినదానికంటె చాల తక్కువని 1990 తరువాతి పరిశీలనలలో తేలినది.

మౌంట్ లారెల్ మాట ఏమైనది? పీటర్ ఓకానర్ వ్యాజ్యముతో తృప్తిపడక ఇండ్లు కట్టు సంస్థనే స్థాపించినాడు. ఎథెల్ లారెన్సు బెదరింపులు ఎన్ని వచ్చినను ఊరు కదలలేదు. ఆమె 1994లో కన్ను మూసినది. ఇండ్లకు అనుమతి 1997లో వచ్చినది. ఆ అనుమతి సభలకు జనము క్రిక్కిరిసి వచ్చి, దొంగతనములు పెరుగుననియు, ఇండ్ల ధరలు పడిపోవుననియు, పన్నులు మిన్నంటుననియు వాదించినారు. 2000లో మొదటి నూరు వాటాలు, తరువాత మరి నలువది వాటాలు సిద్ధమైనవి. వానికి ఎథెల్ లారెన్స్ గృహములని పేరు పెట్టినారు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయములో పదోవంతు సంపాదించు కుటుంబము మొదలు, నూటికి ఎనుబది వంతులు సంపాదించు కుటుంబము వరకు వానిలో చోటున్నది. మొదట అడిగినది 36 వాటాలు. అడిగి ముప్పది ఏండ్లు.

జనము భయపడినదంతయు జరిగినదా అని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు సామాజికశాస్త్రవేత్త డగ్లస్ మాసీ, ఆయన సహచరులు పరిశీలించి 2013లో గ్రంథము ప్రకటించినారు. నేరములు, ఇండ్ల ధరలు, పన్నులు ఈ మూడింటిని ఇరుగుపొరుగు ఊళ్లతో పోల్చి చూడగా, ఆ గృహముల వలన మార్పేమియు కనబడలేదు. సమీపమున నివసించువారిలో కొందరికి అట్టి గృహములు అక్కడ ఉన్నట్లే తెలియదు! అక్కడ చేరినవారిని, దరఖాస్తు పెట్టియు చోటు దొరకనివారిని పోల్చినపుడు మాత్రము తేడా స్పష్టమైనది. చేరినవారిలో ఉద్యోగము చేయువారు ఎక్కువ, సంపాదన ఎక్కువ, మనోవేదన తక్కువ. వారి పిల్లలు మంచి బడులలో, చదువుకొనుటకు నిశ్శబ్దము గల ఇండ్లలో చదివినారు. ఇన్ని అపోహల మధ్య మూడు దశాబ్దములు ఆగిపోయినది ఇంత సామాన్యమైన విషయము: బిడ్డ చదువుకొనుటకు ఒక గది.

చట్టము కథ ఇంకను ముగియలేదు. మండలి సక్రమముగా పనిచేయుట మానివేయగా 2015లో రాష్ట్ర సుప్రీం కోర్టు బాధ్యతను తిరిగి దిగువ కోర్టులకు అప్పగించినది. 2024 మార్చిలో కొత్త చట్టము వచ్చి ఆ మండలిని రద్దుచేసినది. ఒక్కొక్క ఊరి వాటాను కట్టు సూత్రమును చట్టములోనే వ్రాసినారు. 2025 మొదలు 2035 వరకు పదేండ్ల కాలమునకు ప్రతి ఊరికి ఒక అంకె, దానికి తగిన ప్రణాళిక ఉండవలెను. కొన్ని ఊళ్లు ఈ చట్టముపై కోర్టుకెక్కినవి.

మన పిల్లల మాటకు మరల వచ్చెదము. 1965లో అమెరికా వలస చట్టము మారి మనవారికి దారి తెరచుకొన్నది. తాము మెచ్చిన ఊరిలో, పేరు చూచి రంగు చూచి వెనుకకు పంపు భయము తగ్గిన వీధిలో వారు ఇల్లు కొనగలుగుచున్నారన్నచో, దానికి కారణమైన చట్టములలో అనేకము నల్లజాతివారి పోరాటములవలన వచ్చినవే. ఇప్పుడు ఆ ఊళ్లలో చౌక ఇండ్ల ప్రతిపాదన వచ్చినపుడు ప్రణాళికా సంఘము బహిరంగ సభ జరుపును. ఇల్లు గలవాడు, అద్దెకున్నవాడు, ఎవరైనను వచ్చి మాటాడవచ్చును. బడిలో పిల్లలు ఎక్కువగుదురని, ధరలు పడిపోవునని మాటాడువారు ఆ సభలలో ముందు వరుసలోనే కూర్చుందురు. ఈసారి టెలిఫోనులో మంచి బడి గల ఊరు ఏదని మాట వచ్చినపుడు, ఆ ఊరి అంకె ఎంత, అందులో ఎన్ని ఇండ్లు లేచినవి అని కూడ మన పిల్లలను అడుగవచ్చును. ఆ ప్రణాళికలు బహిరంగ పత్రములు; చదువుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.